లేహ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి 4 గంటలే అని చూపిస్తోంది, టికెట్‌లో 22 గంటలు ఎందుకు?

సైనిక్‌పురి_సుజాత
మా అబ్బాయికి బ్యాంకులో లేహ్ పోస్టింగ్. అమ్మాయి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటుంది, అల్లుడు నేవీ. ఈసారి సంక్రాంతికి అబ్బాయికి సెలవు దొరకదట, అందుకని మేమిద్దరమే అరిసెలు పట్టుకుని లేహ్ వెళ్దామనుకున్నాం. జనవరి 18న మనవరాలి మొదటి పుట్టినరోజు. అది పోర్ట్‌బ్లెయిర్‌లో. సరే, లేహ్ నుంచి నేరుగా అటే వెళ్లిపోదామని, దూరాలు చూపించే ఒక సైట్‌లో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టాను. 2,937 కిలోమీటర్లు, ప్రయాణ సమయం 4 గంటల 10 నిమిషాలు అని వచ్చింది. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అమ్మాయి ఇంట్లో ఉంటాం అనుకుని టికెట్లు చూస్తే ఒకటి 22 గంటలు, ఇంకోటి 27 గంటలు! రాత్రంతా ఢిల్లీ ఎయిర్‌పోర్టులోనే. ఆ సైట్ అబద్ధం చెబుతోందా, లేక టికెట్ల వాళ్లు మమ్మల్ని ఊరంతా తిప్పుతున్నారా? మా ఆయనకి మోకాళ్ల నొప్పులు, రాత్రంతా కుర్చీలో కూర్చోబెట్టలేను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

తార్నాక_శ్రీను
డైరెక్ట్ ఫ్లైట్ లేదు కదండీ. అంతే.

సైనిక్‌పురి_సుజాత
లేదని నాకూ తెలుసు బాబూ. లేని ఫ్లైట్‌కి నిమిషాలతో సహా సమయం ఎందుకు రాయాలి అన్నదే నా ప్రశ్న.

ఎంటెక్_ప్రవీణ్
ఆ సైట్‌కి విమానాల షెడ్యూల్‌తో సంబంధమే లేదండీ. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుంటుంది: లేహ్ 34.1 ఉత్తరం, 77.5 తూర్పు, పోర్ట్‌బ్లెయిర్ 11.6 ఉత్తరం, 92.7 తూర్పు. భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న గోళంగా తీసుకుని, దాని మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దూరం లెక్క వేస్తుంది. ఇప్పుడే నేనూ వేసి చూశాను, 2,937 సరిగ్గానే ఉంది. తర్వాత గంటకు 800 కి.మీ. వేగం అనుకుని భాగిస్తే 3 గంటల 40 నిమిషాలు, టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ కలిపి ఇంకో అరగంట. మీ 4 గంటల 10 నిమిషాలు అక్కడి నుంచి వచ్చినవే. ఆ దారిలో విమానం తిరుగుతుందా లేదా అన్నది దానికి తెలియదు. మీరు ఈస్టర్ ద్వీపం నుంచి లేహ్‌కి అడిగినా అంతే ధీమాగా చెబుతుంది.

గ్లోబు_మాస్టారు
ప్రవీణ్ చెప్పింది నిజం. ముప్పై ఏళ్లు భూగోళం చెప్పినవాణ్ని, ఇలాంటి ప్రశ్న వస్తే చేతులు ఊరుకోవు. గ్లోబు తీసి దారం బిగించి పట్టుకున్నాను. లేహ్ నుంచి ఆ దారం ఆగ్నేయంగా హాన్లే పక్కనుంచి టిబెట్‌లోకి పోతుంది. అక్కడి నుంచి పిథోరాగఢ్ మూల తాకి పశ్చిమ నేపాల్, ఆ తర్వాత తూర్పు యూపీ, బిహార్, జార్ఖండ్, ఒడిశాలో బాలాసోర్ దగ్గర నేల వదిలి బంగాళాఖాతం. అంటే మొదటి ముక్కలోనే చైనా ఆధీనంలోని గగనతలం, దాని కింద హిమాలయాలు. ఏ భారతీయ ప్రయాణికుల విమానమూ ఆ దారం వెంట పోదు.

ఇక సుజాతమ్మ రెండో అనుమానం, తిప్పుతున్నారా అని. లేహ్ నుంచి ఢిల్లీ సుమారు 620 కి.మీ. ఢిల్లీ నుంచి పోర్ట్‌బ్లెయిర్ సుమారు 2,480. మొత్తం 3,100 చిల్లర. నేరు దూరం కంటే ఎంత ఎక్కువ? 170 కిలోమీటర్లే. మూడు వేల కిలోమీటర్ల ప్రయాణంలో 170 అంటే గాలిలో పన్నెండు పదమూడు నిమిషాలు. కాబట్టి దూరం విషయంలో మిమ్మల్ని ఎవరూ తిప్పట్లేదమ్మా. పోతున్నది దూరం కాదు, సమయం. అది ఎక్కడ పోతోందో విమానాలు తెలిసినవాళ్లు చెప్పాలి.

సైనిక్‌పురి_సుజాత
మాస్టారూ, మీ దారం లెక్క మా ఆయనకి చదివి వినిపించాను. 170 కిలోమీటర్లే అంటే నమ్మలేకపోయారు, మనవడి అట్లాస్ తీసి స్కేలు పెట్టి కొలుస్తున్నారు ఇప్పుడు.

రన్‌వే_రాజు
మాస్టారు అడిగారు కాబట్టి నేను చెబుతా, కొంచెం పొడుగు అవుతుంది. శంషాబాద్ దగ్గర విమానాల ఫొటోలు తీయడం నాకు పిచ్చి, ఈ రెండు ఎయిర్‌పోర్టులూ అంటే మరీ ఇష్టం.

లేహ్ ఎయిర్‌పోర్టు 3,256 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే పావు వంతుకు పైగా తక్కువ. రెక్కలకి లేపే శక్తి తగ్గుతుంది, ఇంజిన్‌కి బలం తగ్గుతుంది. విమానం ఎక్కువ వేగం అందుకుంటే గానీ నేల వదలదు. ఎండెక్కేకొద్దీ గాలి ఇంకా పల్చబడుతుంది, పైగా మధ్యాహ్నం నుంచి లోయలో గాలులు లేస్తాయి. చుట్టూ కొండలు కాబట్టి మామూలుగా దిగేది ఒక వైపు నుంచి, ఎగిరేది దానికి ఎదురు దిశలో. అందుకే అక్కడ ప్రయాణికుల విమానాలు చాలావరకు పొద్దున్నే వచ్చి పొద్దున్నే వెళ్లిపోతాయి.

పోర్ట్‌బ్లెయిర్‌ది ఇంకో కథ. రన్‌వే నేవీది, పేరు ఐఎన్ఎస్ ఉత్క్రోశ్. అక్కడ కూడా ఎక్కువ విమానాలు ఉదయం నుంచి మధ్యాహ్నం లోపే. ఢిల్లీ నుంచి వెళ్లేవి తెల్లవారుజామున బయల్దేరతాయి. ఒక ఆఫీసు పొద్దున్నే తెరిచి పన్నెండుకి మూసేస్తే, రెండో ఆఫీసూ అంతే అయితే, రెండు పనులూ ఒకే రోజు అవుతాయా? మీరు లేహ్‌లో ఎక్కి ఢిల్లీలో దిగేసరికి ఆ రోజు పోర్ట్‌బ్లెయిర్ బండ్లు వెళ్లిపోయి ఉంటాయి. మర్నాడు తెల్లవారేదాకా ఆగాలి. మీ 22 గంటల్లో గాలిలో ఉండేది ఐదు గంటల లోపే, మిగతా అంతా ఆ ఆగడమే.

తార్నాక_శ్రీను
మరి చిన్న ఊళ్లకి విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద లేహ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి డైరెక్ట్ వేస్తే పోలా? 2017లో మొదలైన రోజే కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ వేశారు కదా, ఇదెందుకు వేయరు?

ఎంటెక్_ప్రవీణ్
ఎక్కేవాళ్లెవరు? రోజూ లేహ్ నుంచి అండమాన్‌కి నూట ఎనభై మంది కావాలి. ఉడాన్ చిన్న దూరాల కోసం పెట్టింది.

రన్‌వే_రాజు
ప్రవీణ్ బ్రో, జనం సంగతి తర్వాత. జనం ఉన్నా మామూలు ఎయిర్‌బస్‌తో అది చాలా కష్టం. నాకు ఈ జంటలో బాగా నచ్చే సంగతి ఇదే, అందుకే ఇంకో పోస్టు వేస్తున్నా.

లేహ్‌లో పల్చటి గాలి వల్ల విమానం బరువు తగ్గించుకుని ఎగరాలి. అక్కడ ఎగరడానికి వీలయ్యే బరువుకి పరిమితి ఉంటుంది, ఎండ ఎక్కువైతే అది ఇంకా తగ్గుతుంది. సీట్లు ఖాళీగా ఉంచడమో, సామాన్లు వెనక ఉంచేయడమో, ఇంధనం తక్కువ పోయించుకోవడమో చేయాలి. ఢిల్లీ గంటంపావు దూరమే కాబట్టి తక్కువ ఇంధనంతో పని జరిగిపోతుంది.

పోర్ట్‌బ్లెయిర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది దీవి, పెద్ద విమానాలు దిగడానికి ఆ ఒక్క రన్‌వేనే. కుండపోత వాన పట్టి దిగలేకపోతే వెనక్కి రావాల్సింది చెన్నైకో కోల్‌కతాకో, రెండూ 1,300 కి.మీ. పైనే. దానికి సరిపడా ఇంధనం ముందే నింపుకుని బయల్దేరాలి. ఇప్పుడు రెండూ కలపండి. 2,937 కి.మీ. వెళ్లడానికి, దిగలేకపోతే ఇంకో 1,300 వెనక్కి రావడానికి, పైన కొంచెం చేతిలో ఉంచుకోవడానికి ట్యాంకు నింపాలి. అంత బరువుతో లేహ్ రన్‌వే మీద నుంచి లేవాలి. ఒక ఊరు తేలిగ్గా రమ్మంటుంది, రెండో ఊరు బరువుగా రమ్మంటుంది. మధ్యలో ఢిల్లీలో ఆగి ఇంధనం పోయించుకోవడం తప్పదు.

మాజీ_నేవీ_కేకే
రాజు చెప్పిన దానికి సాక్షిని నేను. అండమాన్‌లో చాలాకాలం పని చేశాను. చెన్నై నుంచి బయల్దేరిన విమానం ద్వీపం పైన చక్కర్లు కొట్టి, వానలో రన్‌వే కనపడక మళ్లీ చెన్నై వెళ్లిపోవడం మా ఇంటి మేడ మీద నుంచే చూశాను. లోపల ఉన్నవాళ్లు నాలుగు గంటలకు పైగా గాలిలో ఉండి, ఎక్కిన చోటే దిగారు. ఆ రన్‌వేకి కూడా ఒక చివర కొండ ఉంది, లేహ్‌లాగే దిగేది ఒకవైపు, ఎగిరేది ఇంకోవైపు. మే నుంచి డిసెంబరు దాకా వానలే. జనవరి అక్కడ మంచి కాలం, ఆ వైపు మీకు దిగులక్కర్లేదు అమ్మా.

ఇంకో మాట. 2024 నుంచి ఊరి పేరు శ్రీ విజయపురం. టికెట్ వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ చూడండి.

సైనిక్‌పురి_సుజాత
ఇది మా అల్లుడు కూడా చెప్పాడండీ, నేను పాత పేరే అలవాటుగా రాస్తున్నాను. అక్కడ నాలుగున్నర ఐదింటికే తెల్లారిపోతుంది, పిల్ల లేచి కూర్చుంటుంది అని అమ్మాయి ఫోన్‌లో గోల.

గ్లోబు_మాస్టారు
ఎందుకు తెల్లారదు! మన దేశమంతటికీ ఒకే గడియారం, అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. లేహ్‌కీ పోర్ట్‌బ్లెయిర్‌కీ రేఖాంశంలో తేడా 15 డిగ్రీల పైన. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడి లెక్కలో గంట తేడా. మీ గడియారం మార్చక్కర్లేదు గానీ మీ శరీరానికి ఆ గంట తెలుస్తుంది. జనవరిలో అక్కడ అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది. పుట్టినరోజు ఫొటోలు బయట తీయాలంటే నాలుగింటికే మొదలుపెట్టండి.

విశాఖ_టు_అమీర్‌పేట
విమానం 22 గంటలని బాధపడుతున్నారు, మా పెదనాన్న వాళ్లు వైజాగ్ నుంచి ఓడలోనే వెళ్లేవారు. సుమారు 56 గంటలు. అది కూడా నెలకి ఎప్పుడో ఒకసారి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు అక్కడ బోలెడుమంది. బజార్లో తెలుగులోనే బేరం ఆడొచ్చు, మీకు పరాయి ఊరిలా అనిపించదు.

లద్దాఖ్_బైకర్_హైద్
అందరూ పోర్ట్‌బ్లెయిర్ గురించే మాట్లాడుతున్నారు, అసలు గండం లేహ్ దగ్గరుంది. నేను శీతాకాలంలో చదర్ ట్రెక్‌కి (గడ్డకట్టిన నది మీద నడక) వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు జరిగింది చెబుతా. పొద్దున ఎనిమిదింటికి లేహ్ ఎయిర్‌పోర్టులో కూర్చున్నాం. ఆకాశం నీలంగా, మబ్బు తునక లేదు, గాలి లేదు. కౌంటర్‌లో అమ్మాయి వచ్చి ఫ్లైట్ ఇంకా ఆలస్యం, ఇంకా ఆలస్యం అని చివరికి పదకొండు దాటాక రద్దు అంది. జనం ఆమె మీద విరుచుకుపడ్డారు, ఇంత ఎండలో రద్దేంటి అని. సంగతేంటంటే మమ్మల్ని తీసుకెళ్లాల్సిన విమానం ఢిల్లీ నుంచి రావాలి. ఢిల్లీలో పొగమంచు. అది అక్కడ కదలకుండా నిలబడిపోయింది. మంచు విడిచాక బయల్దేరితే లేహ్ చేరేసరికి మధ్యాహ్నం, అప్పటికి ఇక్కడ దిగే సమయం అయిపోతుంది. కాబట్టి జనవరిలో ఢిల్లీ పొగమంచు లేహ్ ఫ్లైట్‌ని చంపేస్తుంది, లేహ్‌లో వాతావరణం ఎంత బాగున్నా సరే.

సైనిక్‌పురి_సుజాత
అమ్మో. ఇది ఎవరూ చెప్పలేదు. పద్దెనిమిదో తారీకు తప్పితే నా మనవరాలి మొదటి పుట్టినరోజు మళ్లీ రాదు కదా.

ట్రావెల్స్_నసీర్
మెహదీపట్నంలో టికెటింగ్ చేస్తాను మేడమ్, ఈ రూట్ అడిగేవాళ్లు ఫౌజీ కుటుంబాలు వస్తుంటారు. మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఎక్కడైనా లేహ్ నుంచి ఒకే రోజులో కోల్‌కతా మీదుగా చేరిపోయే కనెక్షన్ కనపడితే జనవరిలో అస్సలు కొనొద్దు, మధ్యలో గంటన్నర గ్యాప్ ఉంటుంది, బైకర్ భాయ్ చెప్పినట్టు మొదటిది లేటయితే మొత్తం పోతుంది. రెండు, వరసగా ఎక్కే రెండు ఫ్లైట్లు ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. అప్పుడు మొదటిది రద్దయితే రెండోది సర్దే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. విడివిడిగా కొంటే రెండో టికెట్ డబ్బులు మీ నష్టమే. వాతావరణం వల్ల రద్దయితే నష్టపరిహారం ఇవ్వరు, రీఫండ్ లేదా వేరే ఫ్లైట్ మాత్రమే ఇస్తారు. మూడు, ఢిల్లీలో ఒక టెర్మినల్‌లో దిగి ఇంకో టెర్మినల్‌లో ఎక్కాల్సి రావచ్చు, టీ1కీ టీ3కీ మధ్య కొన్ని కిలోమీటర్లు. సార్‌కి వీల్‌చెయిర్ ముందే బుక్ చేయండి, దానికి డబ్బులు తీసుకోరు.

డాక్టర్_పద్మ_అల్వాల్
నాకు ప్రయాణం కంటే మీ ఇద్దరి ఆరోగ్యం గురించి దిగులుగా ఉంది. ఇంత వయసులో జనవరిలో లేహ్ ఎందుకండీ? రాత్రి మైనస్ 15 దాకా పోతుంది. విమానంలో గంటంపావులో 3,256 మీటర్ల ఎత్తుకి వెళ్లి దిగుతారు, అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో మూడింట రెండొంతులే. బీపీ, గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే ముందే పరీక్షలు చేయించుకుని డాక్టర్ ఒప్పుకుంటేనే వెళ్లండి. మొదటి రెండు రోజులు తిరగకుండా విశ్రాంతి తీసుకోండి. తలనొప్పి, వాంతి, ఆయాసం వస్తే సర్దుకుంటుందిలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

లద్దాఖ్_బైకర్_హైద్
డాక్టర్ గారూ, అక్కడ కుటుంబాలతో ఉంటున్నవాళ్లు, అరవై దాటినవాళ్లు చాలామంది ఉన్నారు. గదిని వేడిచేసే పొయ్యి, బుఖారీ అంటారు, అది ఉంటుంది. మరీ భయపెట్టకండి.

డాక్టర్_పద్మ_అల్వాల్
అక్కడే పుట్టి పెరిగినవాళ్ల శరీరం వేరు, సైనిక్‌పురి నుంచి విమానంలో దిగినవాళ్ల శరీరం వేరు. వెళ్లొద్దనలేదు, పరీక్ష చేయించుకుని వెళ్లమన్నాను. ఎత్తు నుంచి కిందికి రావడం సమస్య కాదు కాబట్టి లేహ్ ముందు, పోర్ట్‌బ్లెయిర్ తర్వాత అన్న వరస మంచిదే.

సైనిక్‌పురి_సుజాత
పద్మ గారూ, ఆయనకి ఈసీజీ, నాకు బీపీ, షుగర్ అన్నీ వచ్చే వారం చూపించుకుంటున్నాం, మీరు చెప్పాక టూడీ ఎకో కూడా రాయించుకుంటా. వెళ్లడం మాత్రం మానను. వాడికి అక్కడ ఇది రెండో చలికాలం, పండగ పూట ఒక్కడే మ్యాగీ తిన్నాడు పోయినేడు.

మాజీ_నేవీ_కేకే
వరస తిప్పి పోర్ట్‌బ్లెయిర్ ముందు పెట్టుకునే కుర్రాళ్లకి ఒక మాట. అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో స్కూబా డైవింగ్ చేసి వెంటనే విమానం ఎక్కకూడదు, కనీసం 18 గంటలు ఆగాలి. రక్తంలో కరిగిన నైట్రోజన్ ఎత్తులో బుడగలు కడుతుంది.

ఎంటెక్_ప్రవీణ్
మన దేశంలో రెండు మారుమూల ఎయిర్‌పోర్టులకే ఇలా ఉంటే, సెయింట్ హెలీనా సంగతి చూడండి. దక్షిణ అట్లాంటిక్‌లో నెపోలియన్‌ని ఉంచిన దీవి. కేప్‌టౌన్ నుంచి ఓడలో అయిదు రోజుల పైన పట్టేది. ఎయిర్‌పోర్టు కట్టాక కూడా రన్‌వే చివర గాలి ఒక్కసారిగా దిశ మారుతోందని విమాన సర్వీసు వెంటనే మొదలుపెట్టలేకపోయారు, 2017 అక్టోబరులో గానీ మొదలవలేదు. రన్‌వే ఉన్నంత మాత్రాన విమానం రాదు.

కేకే_కి_నైబర్
అంత దూరం ఎందుకు, మన క్యాంప్‌బెల్ బే చూడండి. గ్రేట్ నికోబార్. పోర్ట్‌బ్లెయిర్ నుంచి గీత గీస్తే సుమారు 530 కి.మీ., అంటే శంషాబాద్ నుంచి చెన్నై అంత. మావారు అక్కడ పని చేసినప్పుడు హెలికాప్టర్‌లో సీటు దొరికితే అదృష్టం, లేకపోతే ఓడ, మధ్యలో దీవులన్నీ ఆగుతూ రెండు రోజులు. సముద్రం పొంగితే అదీ ఉండదు. దూరం అనే అంకె చూసి ఎప్పుడూ ఏ నిర్ణయం తీసుకోలేదు మేము.

అత్తాపూర్_లలిత
పొద్దుటి నుంచి చదువుతున్నా, ఒక్కరికీ తట్టలేదా? సుజాత అక్కా, రాత్రి ఎక్కడో ఆగక తప్పదు అన్నారు కదా, ఆ రాత్రి ఢిల్లీలో ఎందుకు? మీ ఇంట్లోనే ఆగండి. లేహ్ నుంచి ఢిల్లీ మధ్యాహ్నంలోపు వచ్చేస్తారు. సాయంత్రం ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి బోలెడు ఫ్లైట్లు. రాత్రికి సైనిక్‌పురిలో మీ మంచం మీద మీరు పడుకుంటారు. మర్నాడు పొద్దున శంషాబాద్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి డైరెక్ట్. ఉన్ని బట్టలు దించేసి నూలు బట్టలు సర్దుకోవచ్చు కూడా. స్వెట్టర్లు, థర్మల్స్, బూట్లు అన్నీ అండమాన్ దాకా ఎందుకు మోసుకెళ్లడం!

సైనిక్‌పురి_సుజాత
లలితా! నీ నోట్లో చక్కెర పొయ్య. ఈయన అట్లాస్ పక్కన పెట్టేశారు.

ఎంటెక్_ప్రవీణ్
కానీ దూరం చూడండి. 620 ప్లస్ ఢిల్లీ–హైదరాబాద్ 1,265 ప్లస్ హైదరాబాద్–పోర్ట్‌బ్లెయిర్ 1,660. మొత్తం సుమారు 3,545. నేరు గీత కంటే 600 కి.మీ. ఎక్కువ, ఢిల్లీ డైరెక్ట్ కంటే 440 ఎక్కువ. మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు. పెద్దవాళ్లకి అది అలసట కాదా?

రన్‌వే_రాజు
గాలిలో పెరిగేది సుమారు ఒక గంటే బ్రో. శీతాకాలంలో ఉత్తర భారతం మీద పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ వీస్తుంది కాబట్టి ఢిల్లీ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి తోడు గాలి దొరికి పది పదిహేను నిమిషాలు కలిసొస్తాయి, అది ఈ దారిలో పోతుంది, నిజమే. కానీ అసలు లాభం పొగమంచు దగ్గర. ఢిల్లీ–పోర్ట్‌బ్లెయిర్ ఫ్లైట్ తెల్లవారుజామున, మంచు దట్టంగా ఉండే వేళ. ఢిల్లీ–హైదరాబాద్ మధ్యాహ్నమో సాయంత్రమో, మంచు సాధారణంగా విడిచిన వేళ. శంషాబాద్‌లో ఢిల్లీ అంత మంచు ఉండదు. లలిత గారి దారిలో మంచుకి దొరికేది ఒక్క లేహ్ ఫ్లైట్ మాత్రమే. ఢిల్లీలో ఆగితే రెండు ఫ్లైట్లూ దొరుకుతాయి.

గ్లోబు_మాస్టారు
శభాష్ లలితా. అన్నిటికంటే పొడుగు దారి, అందరికంటే నిబ్బరంగా చేరే దారి.

తార్నాక_శ్రీను
డబ్బులు మాత్రం ఎక్కువవుతాయి, 440 కి.మీ. ఎక్కువ కదా.

ట్రావెల్స్_నసీర్
ఫ్లైట్ టికెట్ కిలోమీటర్ల లెక్కన ఉండదు శ్రీను భాయ్. సీట్లు ఎన్ని మిగిలాయి, ఎంతమంది కొంటున్నారు, దాని మీద ఉంటుంది. ఢిల్లీ–హైదరాబాద్‌లో పోటీ ఎక్కువ, మామూలు రోజుల్లో తక్కువకే వస్తుంది. పండగ తర్వాత తిరుగు ప్రయాణాల రద్దీ ఉంటుంది కాబట్టి ఇప్పుడే కొనాలి. హోటల్, ఢిల్లీ ట్యాక్సీ ఖర్చు మిగులుతుంది. తారీకులు చెప్పండి మేడమ్, పదిహేనున లేహ్‌లో బయల్దేరితే రాత్రికి ఇంట్లో, పదహారు ఖాళీ రోజు, పదిహేడు పొద్దున పోర్ట్‌బ్లెయిర్. ఒక రోజు చేతిలో ఉంటుంది.

సైనిక్‌పురి_సుజాత
పదిహేను కనుమ. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మేమెలా కదులుతాం? మా అత్తగారు బతికున్న రోజుల్లో ఆ రోజు పక్క వీధికి కూడా పంపేవారు కాదు. పైగా వాడితో గడిపేదే ఆ నాలుగు రోజులు.

తార్నాక_శ్రీను
కాకి కదలదు అన్నారు గానీ విమానం కదలదు అనలేదు కదా ఆంటీ.

డాక్టర్_పద్మ_అల్వాల్
నవ్వించావు శ్రీనూ. సుజాత గారూ, కనుమకి అక్కడే ఉండి పదహారున బయల్దేరండి. కావాలంటే వెళ్లడం ఒక రెండు రోజులు ముందు పెట్టుకోండి, ఎత్తుకి అలవాటు పడ్డాక పండగ హాయిగా చేసుకుంటారు.

ట్రావెల్స్_నసీర్
డాక్టర్ గారి సలహా బాగుంది. పదో తారీకు వెళ్లండి, పదహారున లేహ్–ఢిల్లీ–హైదరాబాద్ ఒకే పీఎన్‌ఆర్. పదిహేడు పొద్దున పోర్ట్‌బ్లెయిర్ టికెట్ మాత్రం విడిగా, తేదీ మార్చుకునే వీలున్న ఫేర్ కొనండి, కొంచెం ఎక్కువైనా సరే. పదహారున లేహ్ ఫ్లైట్ రద్దయిందనుకోండి, పదిహేడున వస్తారు, పోర్ట్‌బ్లెయిర్‌ది పద్దెనిమిదికి మార్చుకుంటే పుట్టినరోజు మధ్యాహ్నానికి అక్కడుంటారు. కేక్ సాయంత్రం కోయమనండి. కొనే ముందు హైదరాబాద్–పోర్ట్‌బ్లెయిర్ డైరెక్ట్ ఆ రెండు రోజులూ ఉందో లేదో చూసుకోండి, సీజన్ని బట్టి షెడ్యూల్ మారుస్తుంటారు.

సైనిక్‌పురి_సుజాత
ఇదే ఖాయం. పద్దెనిమిదిన వస్తే మాస్టారు చెప్పిన నాలుగింటి ఫొటోలు కూడా అందుతాయి. ఇక ఒక్క అనుమానం. అరిసెలతో పాటు ఆవకాయ, గోంగూర పచ్చడి తీసుకెళ్దామని. లేహ్ ఫ్లైట్‌లో ఒప్పుకుంటారా?

లద్దాఖ్_బైకర్_హైద్
చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి, హ్యాండ్ బ్యాగులో పెడితే నూనె చూసి సెక్యూరిటీలో ఆపొచ్చు. ఒప్పుకోవడం కంటే పెద్ద సమస్య ఇంకోటుంది. మా అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా మూత గట్టిగానే బిగించింది, లేహ్‌లో బ్యాగు తెరిస్తే మూత చుట్టూ నూనె ఊరి, దానికి చుట్టిన టవల్ ఎర్రగా తడిసి, నా థర్మల్స్ మోకాళ్ల దాకా ఆవపిండి. చిప్స్ ప్యాకెట్లు దిండుల్లా ఉబ్బి ఉన్నాయి.

రన్‌వే_రాజు
అది ఒత్తిడి తేడా వల్ల. విమానం లోపల గాలి ఒత్తిడిని మామూలుగా 8,000 అడుగుల ఎత్తులో ఉండేంతకంటే తగ్గనివ్వరు. లేహ్ ఎయిర్‌పోర్టే 10,682 అడుగులు, కాబట్టి దిగేముందు దాన్ని ఇంకా తగ్గించాల్సి వస్తుంది. హైదరాబాద్‌లో మూత బిగించినప్పుడు లోపల చిక్కుకున్న గాలి అక్కడ ఉబ్బి నూనెని బయటికి తోస్తుంది.

అత్తాపూర్_లలిత
గాజు సీసా వద్దు అక్కా. నూనె తక్కువ పోసిన ముద్ద పచ్చడి, గాలి లేకుండా పిండేసి రెండు జిప్ కవర్లలో పెట్టు, దాని మీద స్టీల్ డబ్బా. కవర్ నిండా నింపకు, ఉబ్బడానికి చోటుండాలి. అరిసెలు అట్టపెట్టెలో. బ్యాగు 15 కిలోలు దాటకుండా ఇంట్లోనే తూచుకో, పవర్ బ్యాంక్ మాత్రం చెక్-ఇన్‌లో పెట్టకు, చేతి సంచిలోనే. పోర్ట్‌బ్లెయిర్‌కి ఇవ్వాల్సిన పచ్చడి ఇంట్లోనే వదిలేసి వెళ్లు, పదహారు రాత్రి వచ్చినప్పుడు తీసుకుంటావు.

సైనిక్‌పురి_సుజాత
సరే లలితా. నసీర్ గారూ, పదో తారీకువి రెండు, పదహారువి రెండు, పదిహేడువి రెండు, వీల్‌చెయిర్‌తో. మీ షాపుకి రేపు పదకొండింటికి వస్తున్నాం.

ట్రావెల్స్_నసీర్
రండి మేడమ్. ఇద్దరి ఆధార్ కార్డులు తెండి, పేరు స్పెల్లింగ్ అందులో ఉన్నట్టే వేస్తాను.